కాలవ తేటపడే రోజులు

“అమ్మా, కిందటేడు గొంతునొప్పితో ఉన్నప్పుడు ఇటువైపు తనిఖీకి వచ్చి కూడా ఇంటికి రాకుండా వెళ్ళిపోయాను చూడు, ఆ రోజు గుర్తుందా?”

టైలరమ్మ చేతిలోని గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

పేపర్లో ఆ వార్త పడ్డప్పటినుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ‘కాలుష్య తనిఖీ ఇన్‌స్పెక్టరు రసాయనాల ఫ్యాక్టరీకి అమ్ముడుపోయింది’ అన్నారట కాలవ వీధి జనం. ఆ ఇన్‌స్పెక్టరు తన కూతురే. ఆ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్ తన భర్తే. కూతురు ఆఫీసు పక్కన అద్దెకున్న గదికి తాళం వేసి, చేతిసంచితో వచ్చి, తను పెరిగిన గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. తండ్రి డ్యూటీ దిగి వచ్చి చెప్పులు చప్పుడు కాకుండా విప్పుకునేవాడు. ఇద్దరి మధ్యా కుట్టుమిషను ఒక్కటే మాట్లాడుతుండేది.

ఇవాళ సెలవు. ముగ్గురూ ఒక్క బల్ల దగ్గర కూచున్నారు, అదే పదివేలు అనుకుంది టైలరమ్మ. ఇంతలో ఈ ప్రశ్న.

“గుర్తులేకేం? ఊళ్ళోకి వచ్చి గడప తొక్కకుండా పోయావని నీతో మాట్లాడటం మానేశాను కూడా.”

“ఆ రోజు వస్తున్నట్టు నీకు ముందు చెప్పలేదు కదా?”

“ముద్ద దిగనప్పుడు చెప్పి నీచేత వంట చేయించడం ఎందుకన్నావు, తర్వాత.”

“ఆ రోజు పట్టిన నీళ్ళే బాగాలేవమ్మా. సీసా మూత తీస్తే కళ్ళు మండాయి. నల్లగా, పైన నురగ. ముందూ వెనకా ఎన్నిసార్లు పట్టినా తేటనీళ్ళే. అన్ని మంచి సీసాల మధ్య ఒక్క చెడ్డ సీసా ఉంటే, నువ్వే ఎక్కడో పొరపాటు చేసుంటావని మా పెద్దాఫీసరు దాన్ని పక్కన పడేశాడు.”

“తినేచోట ఆ కంపు కబుర్లేంటే, పిట్టా?” అన్నాడు ఫోర్‌మన్ తలెత్తకుండా. చిన్నప్పుడు కంచంలో మెతుకులు ఏరుకుని తినేదని ఆయనే పెట్టిన పేరది.

“కొంచెం ఓపికపట్టు నాన్నా, అయిపోవచ్చింది.” కూతురు గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. “నేను ఏ రోజు ఏ ఫ్యాక్టరీకి వెళ్తానో మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. జీపు ఎక్కేదాకా డ్రైవరుకి కూడా చెప్పను. మొత్తం లోకంలో ఒక్క మనిషికి చెప్పేదాన్ని. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, ‘అమ్మా, రేపు అటు వస్తున్నా, భోజనానికి వస్తా’ అనేదాన్ని.”

టైలరమ్మ గరిటె వదిలేసింది.

ఫోన్ పెట్టేసిన మరుక్షణం తనేం చేసేదో ఆమెకి తెలుసు. “ఏమండీ, రేపు పిట్ట వస్తోంది!” అని వసారాలోకి కేకేసేది. ఆయన “అలాగా” అనేవాడు. మర్నాడు ఇంకా వెలుగు రాకముందే లేచి వెళ్ళిపోయేవాడు. కూతురితో కలిసి తినాలని పని ముందే తెముల్చుకుంటున్నాడు కాబోలు అనుకుని, ఆ ప్రేమకి మురిసిపోయి, తను ఇంకో కూర ఎక్కువ వండేది.

“ఆ రోజుల్లో పెందలాడే వెళ్ళి ఏం చేసేవాడివి నాన్నా?”

“పని.”

“ఏం పని?”

ఫోర్‌మన్ చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. ఇంక దాటేస్తాడులే అనుకుంది టైలరమ్మ. దాటేస్తే బాగుండునని కూడా అనుకుంది.

“మంచినీళ్ళ వాల్వు తిప్పేవాణ్ణి,” అన్నాడు. “బోరునీళ్ళు వచ్చి కాలవలోకి పోయే గొట్టంలో కలుస్తాయి. నువ్వు సీసా నింపుకుని వెళ్ళాక మళ్ళీ కట్టేసేవాణ్ణి.”

అంత మామూలుగా చెప్పాడు. పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టానని చెప్పినట్టు.

“ఎవరు చెయ్యమన్నారు?”

“ఒకళ్ళు చెప్పాలా? మా మేనేజరుకి నేనే చెప్పేవాణ్ణి, రేపు జాగ్రత్తగా ఉండాలండీ అని. ఆయన భుజం తట్టేవాడు.” ఆయన గొంతు గట్టిపడింది. “నీకోసమే చేశానే. తండ్రి పనిచేసే చోట కూతురు తప్పు పట్టుకుంటే నీకు తలనొప్పి, నాకు తలవంపు. ఇద్దరం చల్లగా ఉండాలనుకున్నాను.”

“నాకోసమా!” కూతురు నవ్వింది. ఆ నవ్వు వినలేక టైలరమ్మ గిన్నె మీద మూత పెట్టింది. “నువ్వున్న చోటికి నన్ను పంపొద్దని నేను మొదట్లోనే అడిగాను నాన్నా. ‘మీ నాన్నేమన్నా ఓనరా తల్లీ? ఫోర్‌మనే కదా. అయినా అలాంటి రూలేదీ లేదు’ అని నవ్వాడు మా పెద్దాఫీసరు. రూలు లేదు కాబట్టి నేనూ ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు కొత్త రూల్సు రాశాం. సొంతవాళ్ళున్న చోటికి ఇన్‌స్పెక్టర్ని పంపకూడదు. కాలవ గొట్టానికి మీటరు బిగించి సీలు వెయ్యాలి, అది పగలూ రాత్రీ చదువుతూనే ఉండాలి. కొత్త రసాయనమేదైనా వాడే ముందు అది నీళ్ళని ఏం చేస్తుందో ఫ్యాక్టరీయే చూపించాలి. మేం పరిగెత్తి వెతుక్కోడం కాదు. ఇవన్నీ రాసిన నలుగురిలో నేనూ ఉన్నాను. రేపు ఆ రూల్సు మీద జరిగే విచారణలో మీ ఫ్యాక్టరీ లాయరు వాటిని దేనితో కొట్టబోతున్నాడో తెలుసా? నా రిపోర్టులతోనే. ‘ఇన్నేళ్ళూ నీళ్ళు శుభ్రంగా ఉన్నాయని సర్కారువారే అంటుంటే కొత్త రూల్సెందుకు?’ అని.”

“మీటరు బిగిస్తే నెల తిరక్కుండా ఫ్యాక్టరీ మూస్తారు. ఈ వీధిలో ఎన్ని పొయ్యిలు ఆరతాయో ఎప్పుడైనా ఆలోచించావా? నీ చదువుకి కూడా ఆ పొయ్యిలోంచే...”

“కాలవ వీధిలో ఎన్ని బావులు పాడయ్యాయో నువ్వు ఆలోచించావా?”

“బావుల సంగతి నాకు తెలీదు.”

“తెలుసు. అందుకే నువ్వు ఆ వీధిలోంచి నడవవు. చుట్టూ తిరిగి వస్తావు.”

ఫోర్‌మన్ కుర్చీ వెనక్కి జరిగింది. టైలరమ్మ చప్పున లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. “ముందు తినండి. తిన్నాక ఏమైనా అనుకోండి. చల్లారిపోతోంది.”

కూతురు తల్లివైపు చూసింది. “నువ్వు వండిన ప్రతిసారీ...” అంది.

మిగతాది అనలేదు. అనకపోయినా టైలరమ్మకి వినపడింది.

చివరికి కూతురే మెత్తగా అంది. “రేపు నాతో రా నాన్నా. ఇప్పుడు ఇక్కడ చెప్పిందే అక్కడ చెప్పు. నువ్వు చెప్తే ఆ రూల్సు నిలబడతాయి. నేనూ నిలబడతాను.”

“మరి నేను?”

కూతురు లేచి తండ్రి కంచం తీసి లోపలికి పట్టుకెళ్ళింది.

—

సాయంత్రం కాలవ వీధి ఇస్త్రీ ఆవిడ వచ్చింది. ఎప్పుడూ గుమ్మంలోనే “ఏం టైలరమ్మా, మిషను తిరుగుతోందా, నువ్వే తిరుగుతున్నావా?” అని కేకేసే మనిషి, ఇవాళ మెట్టు కిందే నిలబడింది. అరచేతులు ఎర్రగా, పొలుసులు పొలుసులుగా లేచిపోయి ఉన్నాయి.

“నా గుడ్డ నాకిచ్చెయ్.”

“ఇంకా కత్తెర పెట్టలేదే. రేపటికి కుట్టేస్తాను.”

“కత్తెర పెట్టలేదనే అడుగుతున్నా. ఇంకోచోట ఇచ్చుకుంటాను.”

టైలరమ్మ లోపలికెళ్ళి గుడ్డ తెచ్చింది. ఇవ్వబోతూ వదల్లేకపోయింది. ఆ చివర ఆవిడా, ఈ చివర ఈమే పట్టుకుని కాసేపు అలాగే ఉన్నారు.

“ఆ రోజుల్లో మనం ఎంత నవ్వుకునేవాళ్ళం,” అంది ఇస్త్రీ ఆవిడ. “‘మీ అమ్మాయొస్తే కాలవ కూడా భయపడి మొహం కడుక్కుంటుంది’ అనేదాన్ని. నీళ్ళు తేటపడ్డాయంటే మీ ఇంట్లో వంట జోరుగా ఉందని మా పిల్లలకి తెలిసిపోయేది. మేం వెర్రివాళ్ళం. మీ అమ్మాయి చేతి చలవ అనుకున్నాం. ఆ పూటే మైలబట్టలన్నీ మోసుకుంటూ పరిగెత్తి ఉతుక్కునేవాళ్ళం.”

“మా అమ్మాయికి ఏ పాపం తెలీదే.”

“మరి ఎవరికి తెలుసు?”

టైలరమ్మ గుడ్డ వదిలేసింది.

ఇస్త్రీ ఆవిడ గుడ్డ మడతపెట్టి చంకలో పెట్టుకుంది. “మీ చెల్లెలు మా వీధి వదిలి పోయేటప్పుడు నువ్వు బండి వెనకాలే మలుపుదాకా ఏడుస్తూ నడిచావు. ఇక్కడి నీళ్ళు పడకనే కదా పోయింది? అప్పుడైనా ఇంటికెళ్ళి మీ ఆయన్ని ఒక్క మాట అడిగావా?”

అడగలేదు. చెల్లెలు పోయిందన్న ఏడుపే తప్ప, ఎందుకు పోయిందన్న ఆలోచన రాలేదు. ఆమె బతుకంతా అంతే. ఎవరు దూరమైనా తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపడం ఒక్కటే ఆమెకి వచ్చు.

—

పొద్దున్నే ఫ్యాక్టరీ కారు వచ్చి వీధిలో ఆగింది. కూతురు అప్పటికే ఆఫీసువాళ్ళతో వెళ్ళిపోయింది. “నువ్వు మాత్రం రాకు. ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను మాట్లాడలేను,” అని మరీ చెప్పి వెళ్ళింది.

ఫోర్‌మన్ అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పైగుండీ కుదరడం లేదు. టైలరమ్మ వెళ్ళి పెట్టింది.

“కారు పంపారే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ లేనిది.”

“దూరం కదా.”

“ఏం చెప్తారక్కడ?”

“అడిగినదానికి చెప్తాను.”

“పిట్ట పేరు ఎత్తరు కదా?”

ఆయన అద్దంలోంచే చూశాడు. “నా కూతురే అది. నీకొక్కదానికేనా?”

“నాకు మాటివ్వండి.”

“ఎత్తనులే.” కాలరు సరిచేసుకున్నాడు. “మేనేజరు నిన్న పిలిచి మాట్లాడాడు. ఇది ఫ్యాక్టరీ గొడవ కాకుండా మన ఇంటి గొడవగా తేలిపోతే అందరికీ మంచిదట. పోలీసులూ కేసులూ ఉండవు. నన్ను మర్యాదగా ఇంటికి పంపుతారట.”

“మన ఇంటి గొడవంటే ఏంటండీ? నాకు అర్థం కావడం లేదు.”

“అర్థం కాకపోతేనే నయం.” గుమ్మం దాటబోతూ ఆగాడు. “దానికి చదువుంది. ఇక్కడ కాకపోతే ఇంకోచోట బతుకుతుంది. నాకు ఆ వాల్వులు తిప్పడం తప్ప ఏమొచ్చే?”

కారు తలుపు మెత్తగా పడింది. డబ్బున్నవాళ్ళ కార్ల తలుపులు అలాగే పడతాయి, కోపంలో కూడా చప్పుడు రాదు.

టైలరమ్మ ఈసారి చెయ్యి ఊపలేదు. కారు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, మంచి చీర కట్టుకుంది.

—

విచారణ హాల్లో కుర్చీలు రెండు పక్కలుగా వేశారు. ఒక పక్క ఫ్యాక్టరీవాళ్ళు, మేనేజరు, వెనక వరసంతా షిఫ్టు కార్మికులు. ఇంకో పక్క ఆఫీసువాళ్ళు, కాలవ వీధి జనం. టైలరమ్మ ఏ పక్కా కూచోలేక, వెనక గోడకి ఆనుకుని నిలబడింది. ముందు బల్ల వెనక విచారణ సంఘం అధ్యక్షురాలు కళ్ళజోడు తుడుచుకుంటోంది.

కూతురు నిలబడి మాట్లాడుతోంది.

“నా రిపోర్టుల్లో రాసింది నిజమే, ఆ సీసాల్లో ఉన్నవి శుభ్రమైన నీళ్ళే. కానీ అవి ఫ్యాక్టరీ రోజూ వదిలే నీళ్ళు కావు. నేను వస్తున్న సంగతి ముందే తెలిసి మంచినీళ్ళు కలిపారు. ఒక్క మనిషి, ఒక్క సీసా, ఒక్క పూట, ఇలా సాగే తనిఖీని ఎవరైనా మోసం చెయ్యగలరు. నాబదులు ఇంకెవరున్నా ఇదే జరిగేది. అందుకే పద్ధతి మారాలంటున్నాం.”

ఫ్యాక్టరీ లాయరు సన్నగా, నెమ్మదిగా లేచాడు. “ముందే తెలిసిందంటున్నారు. ఎలా తెలిసింది మేడమ్?”

“నావల్లే బయటికి పోయింది.”

“ఎవరిద్వారా?”

కూతురు బల్ల అంచు పట్టుకుంది. “అది చెప్పను.”

హాల్లో గుసగుస లేచింది. “మేం చెప్పలేదా?” అని కాలవ వీధి వరసలోంచి ఎవరో గట్టిగానే అన్నారు. తన బిడ్డ తల్లి పేరు బయటపెట్టకుండా అందరి ముందూ అలా తలొంచుకుని నిలబడితే, టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఎవరో తోసినట్టు నడవాలోకి వచ్చేసింది.

“నేను చెప్తానండీ! అది నాకు ఫోన్ చేసేది, భోజనానికి వస్తానని. తనిఖీ అని కూడా అనేది కాదు. నేనే ఆ సాయంత్రం మా ఆయనకి చెప్పేదాన్ని. కూతురొస్తోందని చెప్పుకోవడం తప్పని నాకు తెలీదండీ. దానికీ తెలీదు.”

“అమ్మా...” అంది కూతురు.

లాయరు ముందు కొంచెం తడబడి, తర్వాత సానుభూతిగా తలూపాడు. “కన్నతల్లి కదా, ఇంకేం చెప్తుంది? మనకి కావలసింది ఫోర్‌మన్‌గారి మాట.”

ఫోర్‌మన్ లేచాడు. భార్య వైపు గానీ, కూతురి వైపు గానీ చూడలేదు. అధ్యక్షురాలి బల్ల మీదున్న నీళ్ళగ్లాసు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“మా ఆవిడకేమీ తెలీదండీ. దీంతో మా ఇంటికి సంబంధం లేదు. మా అమ్మాయే... ఇన్‌స్పెక్టరుగారే నాకు ఫోన్ చేసి వాల్వు తిప్పమనేవారు. కంపెనీకి తెలీదు. మా ఇద్దరి మధ్యే జరిగింది.”

‘ఇన్‌స్పెక్టరుగారు.’ పిట్ట అని పిలిచిన నోటితోనే.

“చూశారా!” లాయరు రెండు చేతులూ చాచాడు. “రూల్సుకి ఏ లోటూ లేదు. మనిషే చెడిపోయింది. ఒక తండ్రీ కూతురూ చేసిన పనికి దేశంలో ఉన్న ఫ్యాక్టరీలన్నిటికీ మీటర్లు బిగిస్తారా?”

ఆఫీసువాళ్ళ వరసలో పెద్దాఫీసరు కుర్చీని కూతురి కుర్చీకి కొంచెం ఎడంగా జరుపుకున్నాడు. కూతురు మాత్రం కదల్లేదు. ఏడవలేదు. తండ్రి మొహంలోకి చూస్తోంది, దారి అడగడానికి ఎవరో కొత్తమనిషిని ఆపి, ఈయనకి తెలుస్తుందా అన్నట్టు.

“ఎప్పుడు చేసేది ఫోను?” అడిగింది అధ్యక్షురాలు, రాసుకుంటూ.

“పొద్దున్నేనండీ. నేను షెడ్డులో డ్యూటీలో ఉండగా.”

టైలరమ్మ చప్పున తలెత్తింది.

ఆ షెడ్డులోకి ఫోను పోదు. ద్రావకాల పీపాలుండే చోటు, చిన్న నిప్పురవ్వ పడ్డా పేలిపోతుందని, గేటు దగ్గరే అందరి ఫోన్లూ చెక్కపెట్టెలో పెట్టించుకుని తాళం వేస్తారు. ఆమెకి తెలియకేం? తన తల్లి పోయిన రోజు ఆ కబురు ఆయనకి చెప్పడానికి, షిఫ్టు దిగేదాకా ఆ గేటు బయట ఎండలో నిలబడింది. ఆయన బయటికి వచ్చేసరికి పుట్టింట్లో తల్లిని తీసుకెళ్ళిపోయారు. ఆఖరిచూపు దక్కలేదు.

ఇంటిని ఇందులోకి లాగకూడదనే ఆయన షెడ్డు అన్నాడు. తనని కాపాడబోయే అన్నాడు. ఆ సంగతి కూడా ఆమెకి అర్థమైంది. అదే ఇంకా చేదుగా ఉంది.

ఆమె వెనక వరస వైపు చూసింది. ఆ వరసలో ప్రతి మనిషికీ తెలుసు. రోజూ ఫోను పెట్టెలో వేసి లోపలికి పోయేవాళ్ళే. ఒకడు గోళ్ళు చూసుకుంటున్నాడు. ఒకడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మేనేజరు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

తను ఒక్క మాట అంటే భర్త ఇంతమందిలో అబద్ధాలకోరు అవుతాడు. మర్యాదగా ఇంటికి పంపుతామన్నవాళ్ళే ఆయన్ని ఒంటరిగా పోలీసులకి వదిలేస్తారు. అనకపోతే, కూతురు బతికినంతకాలం అమ్ముడుపోయిన మనిషే. ఆ కాలవ కూడా ఎవరైనా వచ్చే రోజు చూసుకుని మొహం కడుక్కుంటూ ఉంటుంది. ఏం చేసినా ఇవాళ ఈ హాల్లోంచి ముగ్గురూ కలిసి ఇంటికి వెళ్ళరు.

అధ్యక్షురాలు కలం కింద పెట్టి కళ్ళజోడు పైనుంచి చూసింది.

“ఏమ్మా, ఇంకా అక్కడే నిలబడ్డారు? మీరింకేమైనా చెప్పేదుందా?”

పొద్దుటినుంచి మొదటిసారి ఫోర్‌మన్ భార్య కళ్ళలోకి చూశాడు. వద్దన్నట్టు తల ఆడించలేదు. బతిమాలనూ లేదు. ఊరికే చూశాడు, అంతే.

“ఉందండీ,” అంది టైలరమ్మ.